పీహెచ్‌డీ చేస్తే అమ్మాయి స్థిరపడేదెప్పుడు?

పలమనేరు నుంచి ఓ తండ్రి రాశారు: ‘మా అమ్మాయి తిరుపతిలో ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదువుతోంది. వాతావరణ మార్పులను రైతులు తట్టుకోవడం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. టైమ్ వేస్ట్ అని చెప్పాను. ఆరు నెలల ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన విషయాల్లో కంపెనీల తీరు చూసేది) ఆన్‌లైన్ కోర్సు మేలా?’

అయ్యా, మీరు అడిగింది కోర్సు గురించే అయినా, ముప్పై ఏళ్లొచ్చినా పిల్ల స్థిరపడకపోతే ఎట్లా అన్నదే మీ దిగులు. ముందు దాని సంగతి చూద్దాం.

జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసే పిల్లలకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు, ఇంటద్దె వేరు. ఆ డబ్బు నాలుగైదు నెలలు ఆగి ఒక్కసారే పడ్డ పిల్లల్ని చూశాను. అన్నాళ్లూ మెస్ బిల్లు కట్టింది ఇంటివాళ్లే. ఆ మాత్రం ఆసరాకు సిద్ధపడండి.

అసలు కష్టం వేరే ఉంది. ఈ సబ్జెక్టు ఏ ఒక్క డిపార్ట్‌మెంటుదీ కాదు. వాన ఒకరిది, పంట ఒకరిది, రైతు అప్పు ఇంకొకరిది. ఉద్యోగ ప్రకటనలో ‘సంబంధిత సబ్జెక్టు’ అన్నచోట ఈ పిల్లలు ఇరుక్కుపోతారు. రైతుకు చెప్పిన పద్ధతి పనిచేసిందో లేదో తేలాలంటే నాలుగైదు పంటలు చూడాలి, ప్రాజెక్టేమో ఆలోపే ముగుస్తుంది. నాకు తెలిసిన ఒకమ్మాయి ప్రశ్నల కాగితాలతో వేరుశనగ రైతు దగ్గరికి పోతే, ‘పోయినేడూ ఎవరో రాసుకుపోయినారు, మళ్లా వచ్చి ఏమీ చెప్పలేదే’ అన్నాడట. ఆ రోజు కాగితాలు సంచిలో పెట్టేసి, ఆయన ఇంటివాళ్లతో కూర్చుని కాయలు ఒలిచింది. మరుసటేడు వాన కొలిచే రెయిన్‌గేజ్‌కు చేనిగట్టున చోటిచ్చింది ఆయనే. థీసిస్ ఏడాది ఆలస్యమైంది.

ఇక ఈఎస్‌జీ. స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ 2022-23 నుంచి వెయ్యి పెద్ద లిస్టెడ్ కంపెనీలకు ఆ నివేదిక తప్పనిసరి చేసింది కాబట్టి పనైతే ఉంది. కానీ ఆరు నెలల సర్టిఫికెట్ చూసి ఉద్యోగమిస్తారంటే నాకు నమ్మకం లేదు. నేను చూసినంతలో ఆ ఉద్యోగాలు అకౌంటింగో, ఇంజినీరింగో బాగా వచ్చినవాళ్లకే దక్కుతున్నాయి. ఫీజు కట్టేముందు, అక్కడ చదివి ఉద్యోగంలో చేరినవాళ్లతో మాట్లాడించమని అడగండి.

ఒక మాట గట్టిగానే అంటాను. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు మనమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నాం. అలాంటి కష్టానికి దారి వెతుకుతానంటున్న పిల్లతో టైమ్ వేస్ట్ అంటారా? ఆ మాట ఈరోజే వెనక్కి తీసుకోండి.

భయపడకండి. వాన లెక్కలు, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల మీద లెక్కలు చూడడం), రైతుతో మాట్లాడే నేర్పు ఉన్న పిల్లకు గాదంకి వాతావరణ పరిశోధన ల్యాబ్‌లో, హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడాలో ప్రాజెక్టు పోస్టులకూ, పంట బీమా కంపెనీలకూ ప్రయత్నించే అర్హత ఉంటుంది. గైడును మాత్రం చూసి ఎంచుకోవాలి. ఆయన దగ్గర చేసినవాళ్లు ఎన్నేళ్లకు బయటపడ్డారు, ఇప్పుడెక్కడున్నారు? వాళ్లలో ఇద్దరికి అమ్మాయి చేత ఫోన్ చేయించండి. మీరూ పక్కన కూర్చుని వినండి.