‘మాకు సంబంధం లేదు’ అని రాయించుకున్న కాగితం బ్రేకు బ్రాకెట్ చేసినవారిని కాపాడుతుందా?

ప్రశ్న: నాకు చిన్న మెషిన్ షాపు ఉంది. లేత్, మిల్లింగ్ పనులు చేస్తాను. కార్లకు పెద్ద డిస్కులు, పెద్ద క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు) వేయించుకునేవాళ్లు వాటిని పాత నకుల్‌కి (చక్రాన్ని మోసే భాగానికి) బిగించడానికి అడాప్టర్ బ్రాకెట్లు చేసిమ్మని వస్తున్నారు. ఇప్పటికి మూడు కార్లకు చేసిచ్చాను. కొలతలు వాళ్లవే, బిగించుకునేదీ వాళ్లే. ‘ఏం జరిగినా షాపుకు సంబంధం లేదు’ అని సంతకం తీసుకుంటున్నాను. రేపు బ్రాకెట్ విరిగి ప్రమాదం జరిగితే ఆ కాగితం పనికొస్తుందా? అసలు ఇది చట్టవిరుద్ధమా? ఒక బ్రాకెట్ ఫోటో జతచేశాను.

జవాబు: పనికిరాదు. సంతకం పెట్టింది బ్రాకెట్ చేయించుకున్న మనిషి ఒక్కడే. ఆ కారుకు ఎదురుగా రోడ్డు దాటే పెద్దాయన పెట్టలేదు, వెనక సీట్లో కూర్చున్న పిల్లలూ పెట్టలేదు. వాళ్ల హక్కును ఇంకొకరి సంతకంతో కొట్టెయ్యడం కుదరదు. ప్రాణం పోతే పెట్టేది పోలీసు కేసు, అది మీ ఇద్దరి మధ్య ఒప్పందంతో ఆగేది కాదు. సంతకం పెట్టిన మనిషి మీదైనా ఆ కాగితం నిలుస్తుందన్న నమ్మకం లేదు. ప్రజా ప్రయోజనానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 చెబుతోంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇంకొకటి. ‘ప్రమాదం ఉందని ముందే తెలుసు, అందుకే ఈ కాగితం రాయించుకున్నాడు’ అని అవతలి వకీలు దాన్నే మీ మీద సాక్ష్యంగా పెట్టగలరు.

ఇక చట్టవిరుద్ధమా అన్న ప్రశ్న. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. ‘ఆర్‌సీలో డిస్కు సైజు రాయరు కదా, మరి తేడా ఎక్కడ?’ అని వాదించేవాళ్లున్నారు. కోర్టు ముందు పెట్టదగిన వాదనే, కానీ దాని మీద భారం వేసి పని ఒప్పుకోమని నేను చెప్పను. 2019 జనవరిలో సుప్రీంకోర్టు జయచంద్ర కేసులో తయారీదారు మూల స్పెసిఫికేషన్‌ను దాటే మార్పులు కుదరవని గట్టిగా చెప్పింది. బ్రేకులు ఆ స్పెసిఫికేషన్‌లో భాగమే. ఏ మోడల్ అయినా అమ్మకానికి వచ్చే ముందు కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని రూల్ 126 కింద పరీక్షా సంస్థలో నమూనా పరీక్ష దాటాలి. అక్కడ బ్రేకులనూ చూస్తారు. మీ బ్రాకెట్ ఆ పరీక్ష చూడలేదు.

2019 సవరణలో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కొత్త భాగాలు బిగించడం కూడా ఇందులోకే వస్తుందని అక్కడే రాసి ఉంది. లోపం ఉందని తెలిసీ, లేదా మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదై ఉండీ, అలాంటి బండిని రోడ్డెక్కిస్తే సెక్షన్ 190 ఉంది.

ఇదంతా యజమాని బాధ, నాకేంటి అనుకోకండి. అదే 182ఏలో మొదటి ఉపసెక్షన్ డీలర్ల గురించి. చట్టానికి విరుద్ధంగా బండిని మార్చిన డీలరుకు ఏడాది దాకా జైలు, లేదా బండికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. డీలర్ అంటే షోరూమ్ ఒక్కటే అనుకుంటారు చాలామంది. సెక్షన్ 2(8) నిర్వచనంలో వాహనాల మరమ్మతు చేసేవాళ్లూ ఉన్నారు. మీరు లోహం కోసి ఇస్తున్నారు, బండి ముట్టుకోవడం లేదు కాబట్టి ‘నేను మరమ్మతుదారుణ్ని కాను’ అనే వాదన మీకుంది. ‘పన్లో పని, బిగించి కూడా ఇవ్వు’ అంటే ఒప్పుకున్న రోజున ఆ వాదన పోతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వైపు నుంచి చూస్తే మీ స్థానం ఇంకా స్పష్టం. వస్తువునో దాని భాగాన్నో తయారుచేసేవాడు తయారీదారే. ‘చిన్న షాపు’ అన్న మినహాయింపు లేదు. సెక్షన్ 84 కింద తయారీ లోపానికీ, డిజైన్ లోపానికీ, తగిన హెచ్చరికలు ఇవ్వకపోవడానికీ మీరు జవాబు చెప్పాలి. ‘కొలతలు కస్టమరువి’ అన్నది డిజైన్ దగ్గర మీకు కొంత ఊరట, తయారీ లోపం దగ్గర ఏమీ కాదు. బిల్లు మీద ‘గ్యారంటీ’ అన్న మాట ఉంటే ఈ రోజే తీసెయ్యండి. రాసిచ్చిన హామీ తప్పితే, నిర్లక్ష్యం లేదని రుజువు చేసినా తప్పించుకోలేరని అదే సెక్షన్ రెండో భాగం.

క్రిమినల్ కేసు దగ్గర మీకు కొంత రక్షణ ఉంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల దాకా శిక్ష. అయితే ఆ నిర్లక్ష్యమే మరణానికి నేరుగా దారితీసిందని ప్రాసిక్యూషన్ చూపాలి, ఎక్కడో గొలుసులో ఒక లింకు కావడం చాలదు. పాత ఐపీసీ సెక్షన్ 304ఏ మీద కుర్బాన్ హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రమిది. కానీ ప్రమాదం తర్వాత బండిని వాహన తనిఖీ అధికారి చూస్తారు. విరిగిన బ్రాకెట్ ఆయన చేతికి వస్తే, ఆ లింకు నేరుగా మీ మిల్లింగ్ మెషిన్ దాకా వస్తుంది.

అందుకే మీ ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. అల్యూమినియం ప్లేటు, పక్కన పెట్టిన స్కేలు ప్రకారం 12 మి.మీ. మందం. క్యాలిపర్ బోల్టు ఎం12, దానికి నట్టు లేదు, అల్యూమినియంలోనే ట్యాప్ కొట్టి (మరలు కోసి) బిగించారు. అల్యూమినియంలో బోల్టు వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే 18 మి.మీ. దాకా థ్రెడ్ పట్టు ఉండాలన్నది మీ వృత్తిలో అందరికీ తెలిసిన లెక్క. మీ దగ్గర 12 ఉంది. ఇంకా, బోల్టు పట్టే చెవి లోపలి మూల కత్తితో కోసినట్టు నిటారుగా ఉంది, రేడియస్ (గుండ్రటి వంపు) లేదు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ చక్రం బ్రేకింగ్ బలమంతా క్యాలిపర్ నుంచి బ్రాకెట్ మీదుగానే నకుల్‌కి చేరుతుంది. పగులు మొదలయ్యేది అలాంటి మూల దగ్గరే, అదీ మొదటి రోజున కాదు, వేల తొక్కుళ్ల తర్వాత. నేను ఇంజనీరును కాను. కానీ అవతలివాళ్లు కోర్టుకు ఇంజనీరును తెస్తారు, ఆయన ఇదే చూపిస్తారు.

బ్రాకెట్ గట్టిగా ఉన్నంతమాత్రాన బండి భద్రమని కూడా కాదు. క్యాలిపర్‌లోని పిస్టన్ల సైజు మారితే పెడల్ ప్రయాణం మారుతుంది, ముందు వెనక చక్రాల మధ్య బ్రేకింగ్ బలం పంపకం మారుతుంది. వెనక చక్రాలకు మాత్రమే పెద్దవి వేస్తే అవి ముందుగా లాక్ అయి బండి తిరిగిపోవచ్చు. చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్‌ను ట్యూన్ చేసింది పాత డిస్కుల లెక్కతో, దానికి ఇవేవీ తెలియవు.

ఇన్సూరెన్స్ సంగతి మీరు అడగలేదు గానీ మీ కస్టమర్లకు చెప్పండి. గాయపడిన మూడో వ్యక్తికి పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150లో ఉన్న కారణాలు లెక్కపెట్టినన్నే. సొంత బండి నష్టం క్లెయిమ్ దగ్గరే పేచీ, చెప్పకుండా చేసిన మార్పును కంపెనీ తప్పకుండా ఎత్తిచూపుతుంది.

నా సలహా: రోడ్డు మీద తిరిగే బండ్లకు ఈ బ్రాకెట్లు ఆపేయండి. వచ్చినవాణ్ని ఉత్త చేతులతో పంపక్కర్లేదు. బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతున్నాయంటే చాలాసార్లు కారణం నీరు పీల్చుకున్న పాత ఫ్లూయిడ్, అరిగిన ప్యాడ్లు. వాటిని మార్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అదే మోడల్ పై వేరియంట్‌కు కంపెనీయే పెద్ద బ్రేకులు ఇచ్చి ఉంటే నకుల్‌తో సహా ఆ సెట్టు మొత్తం వేయించుకోమనండి, అదీ ఆర్టీవో కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగాకే.

ఇప్పటికే తిరుగుతున్న ఆ మూడు కార్ల సంగతి మాత్రం రేపటికి వాయిదా వెయ్యకండి. ముగ్గురికీ ఈ రోజే ఫోన్ చేయండి, బండి నడపొద్దని చెప్పండి. తర్వాత స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి: ‘నేను చేసిచ్చిన బ్రాకెట్‌లో థ్రెడ్ పట్టు చాలదని గమనించాను. వెంటనే తీసేసి పాత బ్రేకులు బిగించుకోండి. బ్రాకెట్ తిరిగి ఇస్తే డబ్బు వాపసు ఇస్తాను.’ తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయపడకండి. తెలిశాక ఊరుకోవడమే మీకు ఎక్కువ నష్టం. డ్రాయింగులు, ప్లేటు కొన్న బిల్లు, పోస్టు రసీదులు, ఇన్నాళ్లూ రాయించుకున్న ఆ కాగితాలు కూడా ఒకే ఫైల్లో పెట్టుకోండి. వేటినీ చింపెయ్యకండి.