పెద్దవాళ్లతో, పిల్లలతో ఒక్క రోజులో మహేంద్రగిరి చూసి రావచ్చా?

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఉదయం బయలుదేరి, డెబ్బై ఏళ్ల తల్లిగారిని, ఎనిమిదేళ్ల బాబును వెంటబెట్టుకొని, అదే సాయంత్రానికి మహేంద్రగిరి కొండ చూసి రావచ్చా అని మీరు అడిగారు. రావచ్చు, అయితే కొండ మీదున్న కుంతి, ధర్మరాజు, భీముడి గుడులు మూడూ చూసి తీరాలన్న పట్టు మాత్రం పెట్టుకోకండి.

మాది ఈ ఊరే. ఒక కార్తీకమాసంలో అత్తయ్యగారు, మామయ్యగారు, మా వారు, తొమ్మిదేళ్ల మా అమ్మాయితో కలిసి వెళ్లాం. ఆరింటికి బయలుదేరాలనుకున్నవాళ్లం, పులిహోర కలిపి, పూరీలు తిని కారెక్కేసరికి తొమ్మిది దాటింది. కోయిన్‌పూర్ మీదుగా వెళ్లే ఘాట్ రోడ్డు మలుపుల్లో అమ్మాయికి రెండుసార్లు వాంతులయ్యాయి. నడక మొదలయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఆ ఆలస్యమే తర్వాత మమ్మల్ని ఇరకాటంలో పెట్టింది.

1501 మీటర్ల ఎత్తున్న ఈ శిఖరం సముద్రానికి బాగా దగ్గర. ఆకాశం తేటగా ఉంటే పైనుంచి బంగాళాఖాతం కనిపిస్తుంది గాని, ఆ సముద్రం మీది తడిగాలే కొండకు తగిలి పైకి లేచి, చల్లబడి, మంచుగా కమ్ముకుంటుంది. మేము భీముడి గుడి వైపు సగం దూరం వెళ్లామో లేదో, ఎదురుగా ఉన్న గుడి చూస్తుండగానే మాయమైంది. నాలుగు అడుగుల ముందు నడుస్తున్న అమ్మాయి ఎర్ర స్వెట్టరు తప్ప ఏమీ ఆనలేదు. నాచు పట్టిన బండ మీద నా చెప్పు జారి మోకాలు దోక్కుపోయింది. అక్కడి నుంచే వెనక్కి వచ్చేశాం.

నిజానికి ఆ రోజు హాయిగా గడిచింది కుంతి గుడి దగ్గరే ఉండిపోయిన పెద్దవాళ్లకు. అక్కడి శివుడు గోకర్ణేశ్వరుడు, ఒకప్పుడు కళింగాన్ని ఏలిన తూర్పు గాంగ రాజుల కులదైవం. వాళ్ల తామ్రశాసనాల్లో మహేంద్ర శిఖరం మీది గోకర్ణస్వామిని స్తుతించిన తర్వాతే రాజు పేరు వస్తుంది. బడిలో చరిత్ర చెప్పిన మామయ్యగారికి ఆ గడప తొక్కడం అదే మొదటిసారి కావడంతో, ద్వారబంధపు రాతిని అరచేత్తో తడుముతూ గంటసేపు కదల్లేదు. చివరికి అత్తయ్యగారే, "ఇక చాలు లెండి, స్వామికి కాస్త గాలాడనివ్వండి" అన్నారు.

అందుచేత మీరు ఆరింటికల్లా బయలుదేరి, తల్లిగారికి ఓపిక ఉన్న ఒక్క గుడి దగ్గరే తీరిగ్గా గడిపి, ఎక్కడున్నా ఒంటిగంటన్నరకు దిగడం మొదలుపెట్టండి. ప్రతి 100 మీటర్ల ఎత్తుకు సుమారు 0.65 డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది కనుక, ఊళ్లో ఉక్కగా ఉన్నా పైన 8 డిగ్రీలు తక్కువ ఉంటుందనుకొని శాలువా తీసుకువెళ్లండి. బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయ నది పుట్టేది ఈ కొండల్లోనే అయినా, తాగే నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లాలి. శివరాత్రి జాతర రోజుల్లో పెద్దవాళ్లతో వెళ్లకపోవడమే మేలు. 2022లో ఈ కొండను జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు; బాబు ముచ్చటపడినా మొక్కలు పీకనివ్వకండి.

ఘాట్ రోడ్డు ఎక్కేముందు బాబుకు ఇడ్లీలాంటిది కొంచెమే పెట్టండి. పూరీల సంగతి పైన చెప్పాను కదా.