రిగ్గు పెట్టిన అల్లుడికి మావయ్య రాసేది

రాజోలు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. కంప్యూటర్‌తో లెక్కలు చేయించి క్రిప్టో కాయిన్లు సంపాదించే (మైనింగ్) రిగ్గు: నాలుగు 3070, రెండు 580 గ్రాఫిక్స్ కార్డులు, మీ మేడ మీద రేకుల షెడ్డులో, కొబ్బరికాయల గుట్ట పక్కన. మీ అత్త కూడా చూసి "ఇదేంటండీ, ఎవరి టీవీలు విప్పేశాడు వీడు" అంది. ఫొటో కింద నువ్వు అడిగింది ఒక్కటే ముక్క: "మావయ్యా, హ్యాష్‌రేట్ ఎంతవరకు లాగొచ్చు?" అని. అడగాల్సింది అది కాదురా. హ్యాష్‌రేట్, అంటే కార్డు లెక్కలు చేసే వేగం, పోకుండా ఎన్ని వాట్లు తగ్గించొచ్చని అడుగు. నేను ఐదేళ్లు ఈ కార్డులతో కుస్తీ పట్టి నేర్చుకున్నదంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ముందు డబ్బు సంగతి. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం కాయిన్ మైనింగ్ మానేసి స్టేకింగ్‌కి (కార్డులతో పనిలేకుండా, ఉన్న కాయిన్లు తాకట్టు పెట్టి నడిపే పద్ధతికి) మారిపోయింది. అంతకు ముందురోజు దాకా దాని మీద బతికిన కార్డులన్నీ ఎథీరియం క్లాసిక్, రావెన్‌కాయిన్, ఎర్గో లాంటి చిన్న కాయిన్ల మీద పడ్డాయి. పంక్తిలో కూర్చునేవాళ్లు పెరిగారు, వడ్డించేది పెరగలేదు. బిట్‌కాయిన్ జోలికి గ్రాఫిక్స్ కార్డుతో వెళ్లే రోజులు ఎప్పుడో పోయాయి, దానికి వేరే మెషిన్లున్నాయి. కాబట్టి కరెంటు బిల్లు కట్టాక ఏమైనా మిగిలితే అదే గొప్ప. వద్దంటే మానే రకం కాదు నువ్వు, మీ అమ్మ పోలిక. అందుకే వద్దు అనకుండా ఎలా చేయాలో రాస్తున్నాను.

లెక్క చూడు. 3070 కంపెనీ లెక్క ప్రకారం 220 వాట్లు, 580 అయితే 185. ఉన్నవి ఉన్నట్టు నడిపితే బోర్డు, ఫ్యాన్లు, పవర్ సప్లైలో పోయేది అంతా కలిపి గోడ దగ్గర సుమారు 1,450 వాట్లు. అంటే నెలకి వెయ్యి యూనిట్ల పైన. సరిగ్గా ట్యూన్ చేస్తే అదే రిగ్గు 900 వాట్లలో నడుస్తుంది, 650 యూనిట్లు. మన దగ్గర ఇంటి కరెంటు శ్లాబుల్లో 2022 నుంచి 400 దాటిన ప్రతి యూనిట్‌కీ 9 రూపాయల 75 పైసలు. ఇంటి వాడకమే మీకు 250 ఉంటుంది కదా, మిగతాదంతా పై శ్లాబుల్లోకే పోతుంది. ట్యూనింగ్ వల్ల మిగిలే నాలుగు వందల యూనిట్లంటే నెలకి దాదాపు 3,900 రూపాయలు. హ్యాష్‌రేట్ రెండు అంకెలు ఎక్కువ చూపించిందని మురిసిపోతే ఆ డబ్బు రాదు. ట్యూన్ చేశాక కూడా ఈ రిగ్గు బిల్లు మీద ఆరు వేల పైనే వేస్తుంది. మీ నాన్నకి ముందే చెప్పు, బిల్లు చూశాక చెప్పకు.

ఇంకోటి. చెరువు దగ్గర ఆక్వా మీటర్ మీద పెడితే యూనిట్ రూపాయిన్నరే కదా అని ఫోన్‌లో గొణిగావు. ఆ మాట మళ్లీ అనకు. అది రొయ్యలకి గాలి కొట్టడానికి ఇచ్చిన సబ్సిడీ. ఒక పనికి ఇచ్చిన కనెక్షన్‌ని ఇంకో పనికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్క కడతారు. పట్టుబడితే పోయేది నీ రిగ్గు ఒక్కటే కాదు, మీ నాన్న చెరువు కూడా.

ఇప్పుడు అసలు పని.

వోల్టేజ్ తగ్గిస్తే కార్డు కాలిపోదా అని మీ నాన్న అడిగాడట. ఆయన భయం మోటారు చూసి వచ్చింది, అందులో తప్పు లేదు. నా వైండింగ్ షాపుకి వేసవిలో వచ్చే, చెరువుల్లో గాలి కొట్టే ఏరియేటర్ మోటార్లలో సగం లో వోల్టేజ్ బాపతే. మోటారుకి వోల్టేజ్ తగ్గితే అదే బరువు లాగడానికి ఎక్కువ ఆంపియర్లు తీసుకుంటుంది, చుట్ట కమిలిపోతుంది. చిప్పు అలా కాదు. దానికి ఇచ్చే వోల్టేజ్ కాస్త తగ్గిస్తే వేడి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, ఎందుకంటే చిప్పు తినే పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి ఉంటుంది. మరీ తగ్గిస్తే తప్పు లెక్కలు చేస్తుంది లేదా హ్యాంగ్ అవుతుంది, అంతే. కాలదు. అయితే గోడలోంచి వచ్చే వోల్టేజ్ పడిపోతే మాత్రం మీ నాన్న మాటే నిజం: పవర్ సప్లై అచ్చం మోటారులా ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. రాత్రి ఊళ్లో ఏరియేటర్లన్నీ ఆన్ అయ్యాక వైరు పట్టుకుని చూడు, గోరువెచ్చగా తగిలితే ఆ వైరు మార్చాలి. 16 ఆంపియర్ల సాకెట్, దానికి విడిగా బోర్డు నుంచి లైను, మంచి ఎర్తు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టావని తెలిస్తే వచ్చి పీకేస్తాను.

3070తో మొదలుపెట్టు. ఒక్కటే కార్డు పెట్టు, ఆరూ ఒకేసారి వద్దు. ఎథీరియం క్లాసిక్ లాంటివి మెమొరీ మీద నడిచే లెక్కలు, కోర్‌కి, అంటే లెక్కలు చేసే చిప్పుకి, అక్కడ పెద్ద పని ఉండదు. అందుకే ముందు కోర్ క్లాక్‌ని (దాని వేగాన్ని) 1,100 మెగాహెర్ట్జ్ దగ్గర లాక్ చెయ్యి. చాలామంది పవర్ లిమిట్ ఒక్కటీ తగ్గించి ఊరుకుంటారు. అది పగ్గం పట్టుకుని ఎద్దుని పరిగెత్తమన్నట్టు: కార్డు పైకి ఎగరాలని చూస్తుంది, లిమిట్ కిందికి గుంజుతుంది, వోల్టేజ్ కుదురుగా ఉండదు. కోర్ లాక్ చేస్తే వోల్టేజ్ తనంతట తానే కింద మెట్టుకి దిగి కూర్చుంటుంది. ఆ తర్వాత మెమొరీ. విండోస్‌లో ఆఫ్టర్‌బర్నర్ అనే ట్యూనింగ్ ప్రోగ్రామ్ వాడితే మెమొరీ క్లాక్ 500 మెగాహెర్ట్జ్ పెంచి మొదలుపెట్టి, వందేసి చొప్పున పైకి వెళ్లు. చాలా కార్డులు వెయ్యి దగ్గర నిలబడతాయి, కొన్ని నిలబడవు. లినక్స్‌లో అదే అంకె రెట్టింపు చూపిస్తుంది, అక్కడి 2,000 ఇక్కడి 1,000. ఇది తెలియక విండోస్‌లో 2,000 కొట్టి కార్డు పోయిందని నాకు అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్లున్నారు. పోదు, రీస్టార్ట్ చేస్తే వస్తుంది.

సరిగ్గా కుదిరితే 3070 ఒక్కోటి 120 వాట్ల అటూ ఇటూ 60 మెగాహ్యాష్ (సెకనుకి ఆరు కోట్ల లెక్కలు) ఇస్తుంది. 61 కోసం పాకులాడకు.

ఎక్కడ ఆగాలో మైనింగ్ ప్రోగ్రామ్ స్క్రీన్ చూసి తేల్చుకోకు. అక్కడ కనిపించేది కార్డు తన గురించి తాను చెప్పుకునే గొప్ప. పూల్ (అందరూ కలిసి మైనింగ్ చేసి పంచుకునే చోటు) పేజీలో 24 గంటల సగటు చూడు, రిజెక్ట్ అయిన షేర్లు (నువ్వు పంపగా వాళ్లు కొట్టేసిన లెక్కలు) ఎన్నో చూడు. ఒక్కో మార్పు చేశాక ఒక రోజు వదిలెయ్యి. అరగంటకోసారి తిప్పేవాడికి ఏ మార్పు వల్ల ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదు. ఒక చోట తప్పులు మొదలయ్యాయనుకో, అక్కడి నుంచి ఒక మెట్టు కాదు, రెండు మెట్లు కిందికి దిగు. ఇప్పుడు నిలబడింది మే నెల మధ్యాహ్నం నిలబడదు. రేపు 3080 లాంటివి కొంటే ఇంకో తిరకాసు ఉంది: వాటి మెమొరీ తప్పు చేస్తే పడిపోకుండా తప్పుని పట్టుకుని మళ్లీ పంపుకుంటుంది. క్లాక్ పెంచినకొద్దీ హ్యాష్‌రేట్ తగ్గుతూ ఉంటుంది, క్రాష్ మాత్రం కాదు. అప్పుడు పెంచడం కాదు, తగ్గించాలి.

3070కి ఒక గుడ్డితనం ఉంది. దాని మెమొరీ వేడి ఎంతో స్క్రీన్ మీద కనపడదు, కోర్‌ది మాత్రమే కనిపిస్తుంది. కోర్ 52 డిగ్రీలు అని నువ్వు నిశ్చింతగా పడుకుంటే వెనక మెమొరీ ఉడుకుతూ ఉండొచ్చు. అందుకే ఫ్యాన్‌ని ఆటోలో వదలకుండా 70 శాతం దగ్గర పెట్టు. వెనక రేకు మీద అరచెయ్యి ఆనించు. ఐదు లెక్కపెట్టే లోపు చెయ్యి తీసేయాల్సి వస్తే మెమొరీ వేడిని హీట్‌సింక్‌కి చేర్చే థర్మల్ ప్యాడ్లు ఎండిపోయాయని లెక్క. పాత ప్యాడ్ ఎంత మందమో కొలిచి అదే మందం కొను. మందం ఎక్కువైతే హీట్‌సింక్ చిప్పు మీద సరిగ్గా కూర్చోదు, మెమొరీని బాగుచేయబోయి కోర్‌ని కాలుస్తావు.

580ల సంగతి వేరు. వాటిని అమ్మినవాడు బయాస్ (కార్డు లోపల దాని సెట్టింగులుండే ప్రోగ్రామ్) మార్చే ఉంటాడు. నువ్వు ఏదైనా ముట్టుకునే ముందు ఇప్పుడున్న బయాస్ కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో, రెండు కార్డులకీ విడివిడిగా. కార్డు అంచున చిన్న స్విచ్ ఉంటే దానికి రెండు బయాస్‌లున్నట్టు, అది నీ అదృష్టం. మెమొరీ టైమింగులు బిగిస్తే ఒక్కోటి 30 మెగాహ్యాష్ దాకా వస్తుంది. స్క్రీన్ మీద 80, 90 వాట్లని చూపిస్తే నమ్మకు. ఆ కార్డులు చిప్పు తినేది మాత్రమే చెబుతాయి, మెమొరీ, మిగతా సరంజామా తినేది చెప్పవు. గోడ దగ్గర ఇంకో 30, 40 కలుపుకో. నూటికి నూరు పాళ్లు కొనాల్సింది ఏదైనా ఉందంటే ప్లగ్గులో పెట్టి వాట్లు చూసే చిన్న మీటరు. అది లేకుండా ట్యూనింగ్ అంటే తూకం లేకుండా ధాన్యం అమ్మడమే.

కాయిన్ మారిస్తే సెట్టింగు కూడా మార్చాలని మర్చిపోకు. రావెన్‌కాయిన్ కోర్‌నీ మెమొరీనీ రెండింటినీ దున్నేస్తుంది. 1,100 లాక్ పెట్టి దాన్ని నడిపితే హ్యాష్‌రేట్ బాగా పడిపోతుంది, లాక్ తీస్తే వాట్లు, వేడి రెండూ లేస్తాయి. మన ఎండలకి అది వద్దనే అంటాను.

రైజర్ల గురించి, అంటే కార్డుని బోర్డుకి కలిపే ముక్కల గురించి, మాత్రం భయపెట్టే చెబుతాను. 2018లో మా ఇంట్లో అర్ధరాత్రి ప్లాస్టిక్ కాలిన కంపు వచ్చింది. లేచి చూస్తే రైజర్‌కి పెట్టిన సాటా కనెక్టర్ (హార్డ్‌డిస్కులకి కరెంటిచ్చే రకం) కరిగి కార్డుకి అతుక్కుపోయి ఉంది. ఆ కనెక్టర్ 54 వాట్లు మోయగలదు, కార్డు ఆ దారిన 75 దాకా లాగొచ్చు. ఇంత చిన్న లెక్క వేసుకోలేదు నేను, ముప్పై ఏళ్లు వైరింగ్ చేసినవాణ్ణి. నీ ఫొటోలో ఎడమ వైపు రెండు రైజర్లకి అవే ఉన్నాయి. ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు వాటిని తీసి పవర్ సప్లై నుంచి వచ్చే ఆరు పిన్నుల కేబుల్‌కి మార్చు. ఒక కేబుల్ మీద రెండుకి మించొద్దు.

ఇక చోటు. రేకుల షెడ్డు వద్దు. పగలు అది పొయ్యి. కొబ్బరి పీచు నలుసు ఫ్యాన్లలో చుట్టుకుంటే తీయడం నా వల్ల కూడా కాదు. కింద ఉత్తరం వైపు వసారాలో పెట్టు. వేడి గాలి బయటికి తోసే ఎగ్జాస్ట్ ఒక పక్క, చల్లగాలి వచ్చే దారి ఎదుటి పక్క. కిటికీకి దోమతెర బిగించు, దోమల కోసం కాదు, బల్లుల కోసం. వెచ్చగా ఉంటుందని పవర్ సప్లైలో దూరతాయి, రెండు మొనల మధ్య అడ్డం పడితే బల్లి పోతుంది, సప్లై కూడా పోతుంది.

మన నేల మీద వేడి కంటే చెమ్మ పెద్ద శత్రువు. నడుస్తున్న కార్డు వెచ్చగా ఉంటుంది, చెమ్మ అంటదు. ఆగిన కార్డుకే ప్రమాదం. 2022 జూలై వరద గుర్తుందిగా, భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, ఇక్కడ లంకలన్నీ మునిగాయి. మా వీధిలోకి నీళ్లు రాలేదు కానీ కరెంటు తీసేశారు. నాలుగు రోజులు రిగ్గు ఆ ముసురులో చల్లబడి కూర్చుంది. కరెంటు రాగానే ఆత్రంగా స్విచ్ వేశాను. రెండు కార్డులు మళ్లీ లేవలేదు, విప్పి చూస్తే పిన్నుల దగ్గర పచ్చటి చిలుము. అవి బతికినా ఇంకో రెండు నెలలే సంపాదించేవనుకో, అది వేరే సంగతి. మోటారు తడిస్తే నేను ఏం చేస్తానో చూశావు కదా: పెట్టెలో పెట్టి పక్కన 60 వాట్ల బల్బు వెలిగించి పూట గడిచాకే ముట్టుకుంటాను. కార్డులకీ అదే చెయ్యి, కాకపోతే బల్బు కాస్త దూరంగా పెట్టు.

కరెంటు పోయి వచ్చిన మొదటి నిమిషం కూడా చెడ్డదే, వోల్టేజ్ ఎగిరిపడుతుంది. ఫ్రిజ్‌కి వాడే, మూడు నిమిషాలు ఆగి కరెంటు వదిలే స్టెబిలైజర్ లాంటిదే నీ లోడుకి సరిపడా నేను చేసి ఇస్తాను. ఇన్వర్టర్ మీద మాత్రం నడపకు. బ్యాటరీ ఖరీదుకి కాయిన్లు కొనుక్కోవచ్చు.

పన్ను సంగతి రెండు ముక్కలు. క్రిప్టో అమ్మితే వచ్చిన లాభం మీద 30 శాతం, ఆ పైన సెస్సు. కరెంటు బిల్లు, కార్డుల ఖరీదు అందులోంచి తీసేస్తానంటే కుదరదు. 2022 జూలై 1 నుంచి అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. వచ్చిన ప్రతి పేమెంటూ తేదీ, ఆ రోజు ధరతో నోటుపుస్తకంలో రాసుకో. ఆడిటర్ దగ్గరికి ఆ పుస్తకం పట్టుకుని వెళ్లు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు కాదు.

ఆదివారం నర్సాపురం వచ్చి గోదావరి దాటించే పంటు మీద సఖినేటిపల్లి దిగు, బండి మీద వచ్చి తీసుకొస్తాను. ఆ రెండు 580లు తీసుకురా, ప్యాడ్లు ఇక్కడే మారుద్దాం. పాత చీరలో చుట్టి తీసుకురా గానీ, కొబ్బరి పీచులో పెట్టి తేకు.

మీ మావయ్య