బొమ్మ ఎన్‌ఎఫ్‌టీ కొనేముందు ఈసీ తీయించు

చి. సందీప్‌కు,

ఆశీస్సులు. 10,000 బొమ్మల సెట్‌లో ఒక ఎన్‌ఎఫ్‌టీకి, అంటే కంప్యూటరు బొమ్మ పేరున అమ్మే డిజిటల్ టోకెన్‌కి, 40,000 రూపాయలు పెడదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంపాదన నీది, వద్దనను. కానీ ఎకరం కొనాలంటే ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం) తీయించి, సర్వే నంబరు సరిచూసి, హద్దురాళ్ళ దాకా నడిచి వచ్చే ఇల్లు మనది. దీనికీ ఈసీ లాంటిది ఉంది. అరగంట పని, పైసా ఖర్చు లేదు. అది చూశాక కూడా మనసు లాగితే కొనుక్కో. లాగదనే నా అనుమానం.

ముందు నువ్వు కొనేదేమిటో చూడు. ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ (పద్దులు గొలుసుగా పేర్చిన ఉమ్మడి ఆన్‌లైన్ ఖాతా) మీద ఆ సెట్టుకి ఒక కాంట్రాక్టు ఉంటుంది, మన భాషలో చిట్టా అనుకో. ‘4217వ నంబరు ఫలానా వాలెట్‌ది (డిజిటల్ పర్సుది)’ అని అందులో ఒక పద్దు. నీ డబ్బుకి వచ్చేది ఆ పద్దు. ఈ టోకెన్లకి 2018లో ఖరారైన ప్రమాణం ఈఆర్‌సీ-721. టోకెన్ ఎవరిది, ఎలా చేతులు మారాలి అన్నదే అందులో తప్పనిసరి. బొమ్మ ఎక్కడుందో చెప్పే భాగం పెట్టొచ్చు, మానొచ్చు. పొలం లేకుండా పాస్‌బుక్ చేతికి రావడం ఇక్కడ మోసం కాదు, మామూలు పద్ధతే.

ఈసీ ఎలా తీయాలంటే, ఆ సెట్ కాంట్రాక్టు చిరునామా వాళ్ళ అధికారిక పేజీ నుంచి తీసుకో. టెలిగ్రామ్‌లో ఎవరో పంపిన లింకు నుంచి వద్దు. తమ దగ్గర ఉచితంగా తయారుచేసుకునే సదుపాయంతో పెట్టిన సరుకులో 80 శాతానికి పైగా కాపీలు, నకిలీలు, చెత్తేనని ఓపెన్‌సీ అనే ఎన్‌ఎఫ్‌టీ అంగడి వాళ్ళే 2022 జనవరిలో ఒప్పుకున్నారు. ఆ చిరునామాని ఈథీరియం పద్దులు చూపే ఈథర్‌స్కాన్ సైట్‌లో వెతికి, ‘కాంట్రాక్ట్’ ట్యాబ్‌లో ‘రీడ్ కాంట్రాక్ట్’ నొక్కు. కొన్నిటికి ‘రీడ్ యాజ్ ప్రాక్సీ’ అని వేరే ఉంటుంది, అప్పుడు అది. అక్కడ ‘టోకెన్‌యూఆర్‌ఐ’ అనే గడిలో నీ టోకెన్ నంబరు వేస్తే ఒక వరస వస్తుంది. అసలు సంగతంతా ఆ వరస మొదటి అక్షరాల్లోనే ఉంది.

‘హెచ్‌టీటీపీఎస్’తో మొదలైతే బొమ్మ వివరాలు ఏదో కంపెనీ సర్వర్లో ఉన్నాయి. వాళ్ళు అద్దె కట్టినన్నాళ్ళే కనిపిస్తాయి. 2022 నవంబర్లో ఎఫ్‌టీఎక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజి దివాలా తీశాక, దాని సర్వర్ మీద ఆధారపడిన ఎన్‌ఎఫ్‌టీల బొమ్మలు పోయి, ఆ లింకులు దివాలా వ్యవహారాల పేజీకి వెళ్ళాయి. నైకీ కొనుక్కున్న ఆర్టిఫాక్ట్ కంపెనీ వాళ్ళ క్లోన్‌ఎక్స్ బొమ్మలైతే 2025 ఏప్రిల్లో కాసేపు మాయమై, వాటి చోట వెబ్‌సైట్లకి సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ నోటీసు కనిపించింది. అంత పెద్ద బ్రాండు వెనక ఉన్నా అంతే. ‘ఐపీఎఫ్‌ఎస్’తో (ఫైళ్ళని చాలామంది యంత్రాల్లో పంచి ఉంచే పద్ధతి) మొదలైతే కాస్త నయం: ఫైలు మారితే చిరునామా కూడా మారుతుంది కాబట్టి లోపల గుట్టుగా మార్చలేరు. కానీ ఎవరో ఒకరు ఆ ఫైలుని తమ యంత్రంలో నిలిపి ఉంచాలి, అందరూ మానేస్తే అదీ అందదు. ‘డేటా’ అని మొదలై వెనక పొడుగాటి అక్షరాల తోక ఉంటే చాలావరకు వివరాలు గొలుసు (బ్లాక్‌చెయిన్) మీదే ఉన్నట్టు, అదే గట్టిది. అయితే ఆ తోకని విప్పి లోపల ‘ఇమేజ్’ అనే వరస కూడా చూడు, అక్కడ మళ్ళీ బయటి లింకు పెట్టేవాళ్ళున్నారు.

అదే పేజీలో ‘రైట్ కాంట్రాక్ట్’ కింద ‘సెట్‌బేస్‌యూఆర్‌ఐ’ లాంటి పేరు కనిపిస్తే, రేపు నీ బొమ్మ లింకుని వాళ్ళు మార్చగలరు. దాన్ని శాశ్వతంగా మూసేశారా లేదా అని అడుగు. జవాబు రాకపోతే మూయలేదనే లెక్క.

బొమ్మ మీద హక్కు సంగతి కూడా తేల్చుకో. టోకెన్ నీదైతే కాపీరైట్ నీదవదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే 5 ఏళ్ళే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. టీషర్టు మీద వేసుకుని అమ్ముకోవాలంటే ఆ సెట్ లైసెన్సులో ఏం రాశారో చదవాల్సిందే. ఇక ‘ఇది అరుదైన టోపీ’ అంటారు చూడు, టోపీలు, కళ్ళజోళ్ళు, రంగులు పొరలు పొరలుగా పెట్టి కంప్యూటరు కలిపినవి. ఎన్ని బొమ్మలకి ఆ టోపీ పెట్టాలో అమ్మేవాడే అంకె వేశాడు.

ధర దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ‘ఫ్లోర్ ప్రైస్’ అంటే అమ్మేవాళ్ళలో అతి తక్కువ అడుగుతున్నవాడి కోరిక. నువ్వు చూడాల్సింది కొనేవాళ్ళు ఇస్తామన్న ఆఫర్లలో పెద్దది. ఫ్లోర్ 40,000 ఉండి, పెద్ద ఆఫర్ 22,000 అయితే ఆ బొమ్మ విలువ ఈ పూట 22,000. తర్వాత గత 30 రోజుల్లో ఎన్ని నిజంగా అమ్ముడుపోయాయో లెక్కపెట్టు. 10,000 బొమ్మల్లో నెలకి పదిహేను కదిలితే, కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. ఆ పదిహేనులోనూ రెండు వాలెట్లు ఒకదానికొకటి అమ్ముకుంటున్నాయా, రెండిటికీ డబ్బు ఒకే చోటి నుంచి వచ్చిందా అన్నది ఈథర్‌స్కాన్‌లోనే తెలుస్తుంది. 2022 జనవరిలో మొదలైన లుక్స్‌రేర్ అనే అంగడి, వ్యాపారం చేసినవాళ్ళకి సొంత టోకెన్లు బహుమతిగా పంచింది. ఆ బహుమతి కోసం తమ బొమ్మ తామే తిప్పి తిప్పి కొనుక్కున్నారు.

పెద్ద పెద్ద అమ్మకాలు చూసి ఊగిపోకు. 2021 మార్చిలో క్రిస్టీస్ వేలంలో బీపుల్ అనే చిత్రకారుడి ఎన్‌ఎఫ్‌టీ బొమ్మ 6.9 కోట్ల డాలర్లు పలికింది. కొన్న విఘ్నేశ్ సుందరేశన్ తమిళనాడు మూలాలున్నవాడు. అంతకు రెండు నెలల ముందే ఆయన ఫండు బీపుల్ బొమ్మలనే వాటాలుగా చేసి టోకెన్లు అమ్మింది. ఆ చిత్రకారుడి పేరు పెరిగితే లాభం ఎవరికో నువ్వే చెప్పు. అదే నెల ట్విట్టర్ పెట్టినవాళ్ళలో ఒకడైన జాక్ డోర్సీ మొదటి ట్వీటు ఎన్‌ఎఫ్‌టీగా 29 లక్షల డాలర్లకి పోయింది. కొన్నాయన 2022 ఏప్రిల్లో 4.8 కోట్ల డాలర్లు అడిగితే, మొదటి వారంలో వచ్చిన పెద్ద బిడ్డు 280 డాలర్ల దరిదాపు.

ఇప్పుడు పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్. కొన్న ధర తప్ప ఏ ఖర్చూ తీసేయనివ్వరు. ఈథర్ (ఈథీరియం నాణెం, బొమ్మకి ఇచ్చేది అదే) ధర కదలలేదనుకుని లెక్క వేద్దాం: 40,000కి కొని 60,000కి అమ్మావు. అంగడి కమిషను 2.5 శాతం, బొమ్మ చేసినవాళ్ళ రాయల్టీ 5 శాతం అయితే 4,500 పోయింది. పన్ను మాత్రం పూర్తి 20,000 మీద, అంటే 6,240. చేతిలో మిగిలే లాభం 9,260, అందులోంచి గ్యాస్ ఫీజు (గొలుసు మీద పద్దు రాసే రుసుము) వేరే. ఇంకో బొమ్మ మీద అదే ఏడాది 20,000 నష్టపోయావనుకో, దీనిలోంచి దాన్ని తీసేయనివ్వరు, వచ్చే ఏడాదికీ మోయనివ్వరు. రెండూ కలిపి పైసా మిగలకపోయినా 6,240 కట్టాలి. దీనికోసం కొన్న ఈథర్ ఈలోగా పెరిగి ఉంటే, ఈథర్ ఇచ్చి బొమ్మ తీసుకోవడం కూడా అమ్మకమే, అక్కడా పన్ను పడుతుంది. 2022 జులై 1 నుంచి 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. విదేశీ అంగట్లో నేరుగా కొంటే దాన్ని కోసే బాధ్యత నీ మీదకి రావచ్చు, ఆడిటర్‌ని ముందే అడుగు.

ఇంతా చూసి కొనాలనే ఉంటే, సినిమా టికెట్‌కి పెట్టినట్టు తిరిగి రాదనుకునే డబ్బే పెట్టు. నీ జీతానికి 3,000 దాటొద్దంటాను. దీనికోసం కొత్త వాలెట్ తెరువు, అందులో ఆ కొనుగోలుకి సరిపడా ఈథరే వెయ్యి. ఆ వాలెట్‌కి తాళంచెవి లాంటి 12 పదాల రహస్య వరస కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. ఫోన్లో ఫోటో తీయకు, ఫోటోలు డ్రైవ్‌లోకి వాటంతటవే ఎక్కుతాయి. సంతకం అడిగే తెర మీద ‘సెట్ అప్రూవల్ ఫర్ ఆల్’ అని కనిపిస్తే ఆగు. ఆ సెట్‌లో నీవన్నీ తీసుకుపొమ్మని ఎదుటివాడికి తాళంచెవి ఇవ్వడమది. నీకు తెలిసిన అంగట్లో అమ్మకానికి పెట్టేటప్పుడు తప్ప నొక్కకు, పని అయ్యాక ఈథర్‌స్కాన్‌లో అప్రూవల్స్ చూసే పేజీకి వెళ్ళి రద్దు చేయి. అడగకుండా వాలెట్లోకి వచ్చిపడిన ఉచిత బొమ్మని ముట్టుకోకు, దాంట్లో లింకే ఎర. పొరపాటు జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. బ్యాంకు డబ్బైతే ఆపగలిగే అవకాశముంది. గొలుసు మీద ఒకసారి వెళ్ళింది వెనక్కి రాదు.

సేకరించే సరదా అయితే హెడ్ పోస్టాఫీసులో ఫిలాటెలీ కౌంటర్ ఉంటుంది, కొత్త స్టాంపులు ముఖ విలువకే ఇస్తారు. ధర పెరగకపోయినా కవరుకి అతికించుకోవచ్చు.

డబ్బు కట్టేముందు ఆ టోకెన్‌యూఆర్‌ఐ వరస, పెద్ద ఆఫర్ అంకె, 30 రోజుల అమ్మకాల సంఖ్య, ఈ మూడూ నాకు వాట్సాప్ చెయ్యి. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు కలిసి చూద్దాం.

మీ బాబాయి