బంటీ లేవలేకపోతోంది, కానీ తింటోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మా లాబ్రడార్ బంటీకి పదమూడేళ్లు. రెండు నెలలుగా వెనక కాళ్లు పనిచేయడం లేదు, పడుకున్న చోటే మూత్రం పోస్తోంది, రాత్రిళ్లు మూలుగుతోంది. అన్నం మాత్రం తింటోంది. ఇంజెక్షన్ చేయించేద్దామని మా వారు అంటున్నారు. ప్రాణం పోయలేనివాళ్లం, తీయడానికి మనమెవరమని మామగారు కోప్పడుతున్నారు. ఎప్పుడు నిర్ణయించుకోవాలి?
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: తింటోంది కాబట్టి బంటీ బాగానే ఉందనుకోకండి. లాబ్రడార్ విషయంలో ఆ లెక్క పనికిరాదు. ఈ జాతిలో సుమారు నాలుగో వంతు కుక్కలకు ఆకలిని అదుపుచేసే జన్యువులో లోపం ఉంటుందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో గుర్తించారు. ప్రాణం మీదికి వచ్చినా పెరుగన్నం గిన్నె నాకేవి వీటిలో చాలానే ఉంటాయి. ఆ రాత్రి మూలుగునే ఎక్కువగా పట్టించుకోండి.

అలాగని ఇంజెక్షన్‌కు ఈ వారమే తొందరపడవద్దు. మీరు పరీక్షల ఊసే ఎత్తలేదు. తుంటి కీళ్లు అరిగినా, వెన్ను దెబ్బతిన్నా కాళ్లు పడిపోతాయి. మన ఉక్కపోతలో పిడుదులకు కొదవ లేదు, అవి కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్ కూడా ముసలి కుక్కను లేవకుండా చేస్తుంది. అది మందులకు లొంగే జబ్బు. రక్తపరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, ఎక్స్‌రే చేయించండి. కిడ్నీలు బాగుంటే మెలాక్సికామ్ వంటి నొప్పి మందును డాక్టర్ చెప్పిన మోతాదులో రెండు వారాలు వాడి చూడవచ్చు. ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రం వేయకండి. కుక్కల కడుపు, కిడ్నీలు వాటికి తట్టుకోలేవు.

ఆ రెండు వారాలూ క్యాలెండర్ మీద మంచి రోజు, చెడ్డ రోజు గుర్తు పెట్టండి. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విలాలోబోస్ రూపొందించిన ఒక కొలత ఉంది. నొప్పి లేకపోవడం, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, ఉత్సాహం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువగా ఉండటం, ఈ ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే సేవ కొనసాగించవచ్చు. మీరు, మీ వారు, మామగారు ఒకరిది ఒకరు చూడకుండా మార్కులు వేయండి. ఎక్కడ తేడా వస్తే దాని గురించే మాట్లాడుకోండి. నా మటుకు నేను నొప్పికి, శుభ్రతకు ఎక్కువ విలువ ఇస్తాను. ఈ తేమలో కదలలేని కుక్కకు పుండ్లు పడతాయి, ఈగలు వాలితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పట్టేస్తాయి. అంతవరకూ ఆగి, అర్ధరాత్రి ఆయాసంతో కొట్టుకుంటుంటే ఆసుపత్రికి ఎత్తుకొచ్చేవాళ్లే ఎక్కువ. బంటీ మీ ఒళ్లో తల పెట్టుకోగలిగే రోజు ఉండగానే ఆ పని జరగడం మేలు.

నయమయ్యే జబ్బుకు ప్రాణం తీయడం తప్పే, అందులో మామగారితో నాకు పేచీ లేదు. నొప్పి మందు కూడా పనిచేయకపోతే మాత్రం ఆయన్ను ఒక్క రాత్రి బంటీ పక్కన పడుకోమనండి. తర్వాత వాదన అక్కర్లేకపోవచ్చు.

ఇక ఇంజెక్షన్. ముందు మత్తు ఇస్తారు, నిద్రలోకి జారాక ముందు కాలి నరంలోకి అధిక మోతాదులో మత్తుమందు ఎక్కిస్తారు. స్పృహ సెకన్లలో పోతుంది, గుండె కొద్ది నిమిషాల్లో ఆగుతుంది. కళ్లు తెరిచే ఉంటాయి, ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చు, మూత్రం పోవచ్చు. అవి బాధకు గుర్తులు కావు. గుండెలోకి స్ట్రిక్నిన్ అనే విషం ఎక్కించి చంపడాన్ని 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం నిషేధించింది. ఏ మందు, ఎలా ఇస్తారో ముందే అడగండి. అడిగితే విసుక్కునేవారి దగ్గరికి వెళ్లకండి. ఇంట్లో పిల్లలుంటే, బంటీని ఊరికి పంపించామని వాళ్లకు అబద్ధం చెప్పవద్దు.

ఇంజెక్షన్‌లో ఇచ్చిన మత్తుమందు కళేబరంలో చాలాకాలం ఉంటుంది, తవ్వి తిన్న కుక్కలకూ పక్షులకూ ప్రమాదం. బీచ్ ఇసుకలో పూడ్చవద్దు. సొంత స్థలముంటే బావికి, బోరుకు దూరంగా లోతుగా గొయ్యి తీయించండి. అపార్ట్‌మెంట్ అయితే ఏం చేయాలో నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కార్యాలయంలో ముందే కనుక్కోండి, ఆ రోజు పరుగులు పెట్టే పరిస్థితి రాకుండా.