మగ్గం మాటలు: రెండు ముఖాల బట్ట మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా రివర్సిబుల్ చీరల గురించే ఉన్నాయి, అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేశాం. రంగులు, ఉతుకుళ్ల మీద అడిగినవాళ్లకి వచ్చే నెల చెప్తాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: షాపులో ఒక పట్టుచీర చూపించారు. ఒకవైపు మెరూన్, తిప్పితే బాటిల్ గ్రీన్. రెండు వైపులా కట్టుకోవచ్చట, అందుకే మామూలు చీరకి దాదాపు డబుల్ రేటు అంటున్నారు. నిజంగా అంత పని ఉంటుందా మేడమ్, లేక అమ్ముకునే మాటలా? – ఒక పాఠకురాలు, విజయవాడ

పని ఉంటుందండి, కాకపోతే రెండు రంగులు కనిపించే ప్రతి చీరకీ అంత పని ఉండదు, తేడా అక్కడే ఉంది. ముందు నెమలికంఠం లాంటి చీరల్ని పక్కన పెట్టేద్దాం. వాటిలో పడుగు (నిలువు పోగులు) ఒక రంగు, పేక (అడ్డంగా వేసే పోగులు) ఒక రంగు ఉండి, మామూలు సాదా నేతలోనే కదిలినప్పుడల్లా షేడ్ మారుతుంది, కానీ తిప్పి చూసినా అదే షేడ్ ఉంటుంది.

రెండో రకం సాటిన్ నేత. ఇందులో కూడా పడుగు ఒకటే, పేక ఒకటే, కాకపోతే పేక పోగు ఏడు పడుగు పోగుల కిందుగా వెళ్లి ఒక్కదాని మీదికి వస్తుంది, మళ్లీ ఏడింటి కిందికి పోతుంది. దాంతో పైవైపు ఎక్కువగా పడుగు రంగే కనిపిస్తుంది, కిందివైపు పేక రంగు నిండిపోతుంది. మెరూన్ పడుగు, గ్రీన్ పేక అయితే మీరు చూసిన చీర లాంటిదే వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, కష్టం కూడా ఉంది, కానీ డబుల్ రేటు పెట్టేంత కాదని నా అభిప్రాయం. దగ్గరగా చూస్తే ఒక రంగులోంచి ఇంకో రంగు సన్నని చుక్కల్లా తొంగి చూస్తుంటుంది, సాటిన్‌ని అలా పట్టేయొచ్చు.

మూడోదే అసలైన రెండు ముఖాల నేత. పడుగు ఒకటే ఉంటుంది గానీ పేకలు రెండు, నాడెలు (పేక పోగుని అటూ ఇటూ తీసుకెళ్లేవి) కూడా రెండు. ఒక పేక పైముఖానికి పోతే ఆ వెంటనే రెండో పేక వెనకముఖానికి పోతుంది, అంచు జరీ, బుటా కూడా రెండు వైపులా సరిగ్గా రావాలంటే వాటికీ విడిగా నాడెలు కావాలి. ఇక్కడ లెక్క చాలా సింపుల్, ఒక అంగుళం బట్టకి మామూలుగా పడే పేకలకి రెట్టింపు పడాలి, అంటే అదే మనిషి అదే మగ్గం మీద రోజుకి నేసేది సగానికి పడిపోతుంది, పట్టు కూడా ఎక్కువ పడుతుంది. దీనికి రేటు డబుల్ చెప్తే నాకు అన్యాయం అనిపించదు, ఆ డబ్బు నేసినవాళ్లకి చేరుతుందా అనేదే నా బాధ.

షాపులో ఎలా తెలుసుకోవాలంటే, కొంగు చివర కత్తిరించిన చోట సూదితో రెండు మూడు పేక పోగుల్ని మెల్లగా కిందికి జరిపి చూడండి. వరసగా ఒకే రంగు పోగులు వస్తే సాటిన్, రెండు రంగులు మార్చి మార్చి వస్తే రెండు పేకల నేత. చూడనివ్వకపోతే అంత డబ్బు పెట్టి కొనకండి.

ప్రశ్న: రెండు వైపులా ఒకేలా ఉంటే అది ఒరిజినల్ ఇక్కత్ అంటారు. నిజమేనా? – హైదరాబాద్ నుంచి

సగం నిజం. ఇక్కత్‌లో నూలుకి ముందే ముడులు కట్టి రంగు వేస్తారు, ఆ తర్వాతే నేత. రంగు పోగులోపలికంతా పట్టి ఉంటుంది కాబట్టి బట్టకి వెనకవైపు అనేదే ఉండదు. పుట్టపాక తేలియా రుమాలు అయితే పడుగుకీ పేకకీ రెండింటికీ ముడులు కట్టి, ఆ రెండూ సరిగ్గా ఒక చోట కలిసేలా నేస్తారు, నూనె, ఆముదపు కాయల బూడిదతో నూలుని తయారు చేస్తారు, దానికి 2020లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు ప్రత్యేకత అని చట్టపరమైన ముద్ర) కూడా వచ్చింది. గుజరాత్‌లో పటాన్ పటోలా కూడా ఇలాగే రెండు వైపులా ఒకటే.

సమస్య ఏంటంటే ఇప్పుడు ప్రింటు కూడా పల్చటి బట్ట మీద అటువైపుకి దిగిపోతోంది, రెండు వైపులా ప్రింటు వేసే మెషిన్లూ ఉన్నాయి. అందుకని వెనక్కి తిప్పి చూస్తే సరిపోదు. కొంగు దగ్గర నుంచి ఒక పోగు లాగి చూడండి. ఇక్కత్ పోగు పొడవునా రంగు మారుతూ పోతుంది, మెలిక విప్పినా లోపల అదే రంగు ఉంటుంది. ప్రింటు బట్టలో పోగుని లాగితే ఇంకో పోగు కింద దాక్కున్న చోటల్లా తెల్ల మచ్చలు బయటపడతాయి.

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు, ఇంట్లో గుంట మగ్గాలు రెండు ఉన్నాయి, నాన్న కాటన్ నేస్తారు. రెండు పొరల బట్ట ఒకేసారి నేయొచ్చని విన్నాను. మన మగ్గం మీద అవుతుందా, ఏమేం మార్చాలి? – ఒక నేతకారుని కొడుకు

తమ్ముడూ, ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది నీదే, కాబట్టి ఉన్నంతలో వివరంగానే రాస్తాను, నాన్నగారితో కూర్చుని చదువు.

అవుతుంది. రెండు పొరలు కావాలంటే పడుగు పోగుల్ని పైకెత్తే చట్రాలు కనీసం నాలుగు, అంటే నాలుగు షాఫ్ట్‌లు కావాలి. 1, 2 షాఫ్ట్‌ల్లో పై పొర పడుగు, 3, 4 షాఫ్ట్‌ల్లో కింది పొర పడుగు ఎక్కించాలి, ఒకటి పైది ఒకటి కిందిది చొప్పున. రీడులో (పేకని కొట్టి బిగించే దువ్వెన లాంటిది) పోగుల సంఖ్య రెట్టింపు అవుతుంది, ఇప్పుడు ఒక సందులో రెండు పోగులు పోస్తుంటే నాలుగు పోయాలి. తొక్కే వరస ఇలా ఉంటుంది: మొదటి పేకకి 1 ఒక్కటే లేవాలి, అది పై పొర. రెండో పేకకి 1, 2 రెండూ లేచి పక్కకి తప్పుకోవాలి, వాటితో పాటు 3 లేవాలి, ఇది కింది పొర. మూడోదానికి 2 ఒక్కటే. నాలుగోదానికి 1, 2తో పాటు 4. కింది పొర నేసేటప్పుడు పై పొర పడుగు మొత్తం పైకి పోవాలన్నది గుర్తుంచుకుంటే చాలు, మిగతాది సాదా నేతే.

ఇక ఆ తర్వాత అంతా నాడె చేతిలో ఉంది. రెండు నాడెలు పెట్టి ఒకటి పైపొరకి, ఒకటి కిందిపొరకి వాడితే రెండు విడి బట్టలు వస్తాయి. ఒకే నాడె పైన ఒకసారి, కింద ఒకసారి వేస్తూ పోతే రెండు పక్కలా మూసుకుపోయి గొట్టం వస్తుంది. అదే నాడెని పైన ఒకసారి, కింద రెండుసార్లు, పైన ఒకసారి అనే వరసలో తిప్పితే ఒక పక్క మాత్రమే అతుక్కుంటుంది, మగ్గం మీంచి తీసి విప్పితే మగ్గం వెడల్పుకి దాదాపు రెండింతల దుప్పటి, మధ్యలో కుట్టు లేకుండా. రెండు పొరలకి రెండు రంగులు పెట్టి మధ్యమధ్యలో పై పొరని కిందికి, కిందిదాన్ని పైకి మార్చావనుకో, ఒకవైపు ఎర్రమీద తెల్లగళ్లు, తిప్పితే తెల్లమీద ఎర్రగళ్లు. ఇలా గళ్లు మార్చాలంటే ఎనిమిది షాఫ్ట్‌లు కావాలి, చిన్న డాబీ (ఆ చట్రాల్ని వరస ప్రకారం ఎత్తే పరికరం) బిగిస్తే పని సులువు. పువ్వులు, బొమ్మలు కావాలంటే మాత్రం జకార్డు (పడుగు పోగుల్ని విడివిడిగా ఎత్తే పరికరం) తప్పదు.

ఇదేదో కొత్తగా ఇప్పుడు కనిపెట్టింది కాదు. పంజాబ్, హర్యానా వైపు ఖేస్ దుప్పట్లు ఇలా రెండు పొరల నేతే. గుజరాత్ భరూచ్‌లో సుజనీ అని నేస్తారు, రెండు పొరల మధ్య చిన్న చిన్న అరలు వచ్చేలా నేస్తూ, ఒక్కో అర మూసేముందు అందులో దూది పెట్టి మూసేస్తారు, మగ్గం మీంచి దిగేసరికే బొంత తయారు, కుట్టుపని లేదు. 2024లో దానికీ జీఐ వచ్చింది. మన దగ్గర ఇంత మంచి నూలు, ఇంతమంది పనివాళ్లు ఉండి ఎందుకు చేయట్లేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

రెండు జాగ్రత్తలు. రెండు పొరలకీ ఒకే నంబరు నూలు, ఒకే నేత అయితే ఒక బీము (పడుగు చుట్టి ఉంచే దూలం) సరిపోతుంది. ఒకటి లావు ఒకటి సన్నం అయితే పడుగు ఒక్కోటి ఒక్కోలా లాగేస్తుంది, ఒకటి బిగిసి ఒకటి వదులై బట్ట పాడవుతుంది, అప్పుడు రెండు బీములు కావాల్సిందే. ఇంకోటి, కింది పొరలో పోగు తెగితే పైనుంచి కనపడదు, మగ్గం కింద ఒక అద్దం పెట్టుకుని అప్పుడప్పుడు చూస్తూ ఉండాలి.

మొదటే చీర జోలికి పోవద్దు, వెడల్పు తక్కువ పెట్టి కుషన్ కవర్లు నేయండి, గొట్టంగా వస్తాయి కాబట్టి పక్క కుట్లు ఉండవు, అమ్మేటప్పుడు చెప్పుకోవడానికి అదే మంచి పాయింటు. డిజైన్ గ్రాఫ్ దగ్గర ఇబ్బందైతే విజయవాడ వీవర్స్ సర్వీస్ సెంటర్‌లో గానీ, వెంకటగిరిలోని చేనేత టెక్నాలజీ సంస్థలో గానీ అడగండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఇప్పటి స్పీడు మిల్లు మగ్గాల్లో చాలావాటికి నాడె లేదు, ఒక పక్కనుంచి పేక విసిరి ఆ చివర కత్తిరించేస్తాయి, కాబట్టి పోగు తెగకుండా తిరిగొచ్చే గొట్టం వాటి మీద రాదు. నాడె అటూ ఇటూ తిరిగే మగ్గానికే అది సాధ్యం. అంటే మీ ఇంట్లో ఉన్నది పాతబడిపోయిన వస్తువు కాదు.

ప్రశ్న: టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్. చీరలు, దుప్పట్లు కాకుండా ఈ రెండు పొరల నేత ఇంకెక్కడ వాడుతున్నారు? ప్రాజెక్టుకి ఐడియా కావాలి. – వరంగల్

చాలా చోట్ల. కార్లలో పక్క కిటికీల మీదికి తెరలా దిగే ఎయిర్‌బ్యాగులు చాలావరకు కుట్టినవి కావు, జకార్డు మీద రెండు పొరలుగా నేస్తూ చుట్టూ అంచులో రెండు పొరల్నీ ఒకటిగా కలిపేస్తారు. ఆపరేషన్లలో వాడే కృత్రిమ రక్తనాళం పాలిస్టర్ గొట్టం నేతే, కాళ్లవైపు వెళ్లేచోట ఒక గొట్టం రెండుగా చీలాలి, అక్కడ రెండు వేరు వేరు నాడెలతో పక్కపక్కనే రెండు గొట్టాలు నేస్తారు. వెల్వెట్ కూడా ఎదురెదురుగా రెండు బట్టలు నేసి, మధ్యలో నిలబడ్డ పోగుల్ని మగ్గం మీదే కత్తితో కోస్తే ఒక్కసారికి రెండు వెల్వెట్లు. అదే కోయకుండా వదిలేసి పైన కోటింగ్ వేస్తే గాలి కొట్టినా ఉబ్బకుండా బల్లలా ఉండే బట్ట, నీళ్ల మీద నిలబడి తెడ్డు వేసే గాలి బోర్డులు దాంతోనే చేస్తారు.

ప్రాజెక్టుకి మాత్రం దూరం వెళ్లొద్దు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి ఆసు పోయడానికి (ఇక్కత్ ముడులు కట్టేముందు నూలుని మేకుల చుట్టూ తిప్పడం) ఒక్కో చీరకి దాదాపు 9 వేల సార్లు చెయ్యి తిప్పేది, భుజం నొప్పి చూడలేక ఆయన 1999లో ఆసు యంత్రం తయారుచేసి తల్లి పేరే పెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. నేత తీరు మారలేదు, నేతకి ముందున్న నరకం తగ్గింది. నువ్వూ అలాంటి చోటు వెతుకు, గుంట మగ్గానికి తక్కువ ఖర్చులో బిగించే ఎనిమిది షాఫ్ట్‌ల డాబీ, పైనున్న ఎమ్మిగనూరు తమ్ముడి లాంటివాళ్లు కొనగలిగే రేటులో, అది చేయగలవా చూడు.

ప్రశ్న: ఇక్కడ చలికి డబుల్ ఫేస్ ఉన్ని కోటు కొన్నాను, లోపల లైనింగ్ లేదు, తక్కువ రకమేమో అని డౌటు. – న్యూజెర్సీ

లేకపోవడమే దాని గొప్ప. రెండు పొరల్ని సన్నని పోగుతో కలిపి నేసిన బట్ట అది, అంచుల్లో ఆ పోగుని కోసి పొరలు విడదీసి, చివర్లు లోపలికి మడిచి చేత్తో కుడతారు. అంచు దగ్గర మెషిన్ కుట్టు కనిపించకుండా, పొరలు గట్టిగా జిగురుతో అంటించినట్టు లేకపోతే మంచిదే కొన్నారు.

ప్రశ్న: రెండు వైపులా కట్టుకునే చీర ఉంది నా దగ్గర. ఫాల్ ఎటువైపు కుట్టించాలి? – రాజమండ్రి

చాలామంది అడగరు గానీ మంచి ప్రశ్న అండి. ఎటువైపు కుట్టినా తిప్పి కట్టినప్పుడు బయటికి కనిపిస్తుంది, కాబట్టి అసలు కుట్టించకండి. రెండు పేకల చీర బరువుగానే ఉంటుంది, కుచ్చిళ్లు వాటంతట అవే నిలబడతాయి. సాటిన్ రకం పల్చగా ఉండి జారుతుంటే, చీర రంగు పట్టు గుడ్డతో రెండున్నర మీటర్ల పట్టీ చేయించి, కుట్టకుండా చిన్న ప్రెస్ బటన్లతో పెట్టుకోండి, బటన్ రెండో సగం అంచు జరీలో కలిసిపోయేంత చిన్నది దొరుకుతుంది, తిప్పి కట్టిన రోజు పట్టీ తీసి రెండో వైపుకి పెట్టుకోవచ్చు. పికో చేయించేటప్పుడు దారం అంచు రంగుదే అడగండి, కొంగుకి మాత్రం కుచ్చులు వేయించండి, అవి ఎటు తిప్పినా ఒకేలా ఉంటాయి.