4 లక్షల్లో సరదాగా నడిచే పాత కారు ఏది?

ప్రశ్న: 4 లక్షల్లో సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొందామనుకుంటున్నా, రోజూ 20 కిలోమీటర్లు తిరుగుతా, నడపడానికి హుషారుగా ఉండాలి, మాటిమాటికీ షెడ్డుకి పోకూడదు. మారుతి స్విఫ్టా, ఫోర్డ్ ఫిగోనా? – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: నేనైతే స్విఫ్టే అంటా. 2011లో వచ్చిన రెండో తరం మోడల్‌లో 1.2 లీటర్ కె సిరీస్ ఇంజన్ ఉంటుంది, లోపల రబ్బరు బెల్ట్ బదులు టైమింగ్ చైన్ ఉంటుంది కాబట్టి బెల్ట్ మార్చే ఖర్చు లేదు, స్టీరింగ్ చురుగ్గా తిరుగుతుంది, ఏ ఊళ్లో మెకానిక్‌కైనా చేయి తిరిగిన బండి. ఫిగో హైవే మీద భలే ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని చెప్పేసింది కదా, దగ్గర్లో పార్ట్స్ దొరుకుతాయో లేదో కనుక్కున్నాకే దాని జోలికి వెళ్లండి.

అసలు మోడల్ కంటే బండి ముఖ్యమండీ. పొద్దున్నే వెళ్లండి, నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఏదో దాస్తున్నారేమో అని అనుమానించాల్సిందే. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు, వదిలేయండి. టైరు పక్కన నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది, మీటరు 30 వేల కిలోమీటర్లు చూపిస్తూ టైర్లు రెండోసారి మార్చినట్టుంటే లెక్క కుదరదు, మీటరు వెనక్కి తిప్పారేమో. బండి మీద వాళ్ల లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చేతికొచ్చాకే మిగతా డబ్బులు ఇవ్వండి, పాత చలాన్లు కూడా వాళ్లతోనే కట్టించండి. టైర్లు, బ్యాటరీ, సర్వీసు కోసం ఓ 30 వేలు పక్కన పెట్టుకుని మిగతా దాంట్లోనే బేరం ఆడండి.